కాలిన జంపఖానాతో కొత్తవాడకు

వరంగల్ కొత్తవాడకు అందరూ జంపఖానాలు కొనడానికి వెళతారు. నేను ఒకటి కాల్చి, దాన్ని మోసుకుని వెళ్ళాను. మా పాప మొదటి పుట్టినరోజున తలంటి పోసి సాంబ్రాణి పొగ వేస్తుంటే, ధూపం గిన్నెలోంచి ఒక నిప్పు కణిక జారింది. పాపను ఎత్తుకుని పక్కకు తప్పుకున్నానే గానీ కింద ఏం పరిచి ఉందో చూసుకోలేదు. చూసుకునేసరికి అరచేయి పట్టేంత రంధ్రం. పోనీ అది మాదా అంటే, అదీ కాదు. కింది వాటాలో ఉండే రాజమ్మ పెద్దమ్మది. ఉప్పల్‌లో మా ఇంటి చుట్టుపక్కల ఎవరింట్లో ఏ ఫంక్షన్ అయినా ఆ జంపఖానా రావాల్సిందే. అడగడమే ఆలస్యం, ఆవిడ ఇచ్చేస్తారు. వరంగల్‌లో ఆవిడ నాన్నగారు స్వయంగా నేసి, కూతురి పెళ్ళినాడు ఇచ్చిన జంపఖానా అది. ఏటా ఆయన సంవత్సరీకానికి తోబుట్టువులు ఐదుగురూ దాని మీదే కూర్చుని భోంచేస్తారని ఆవిడ నాతో చాలాసార్లు చెప్పారు. ఈసారి ఆ సంవత్సరీకం సరిగ్గా వారం తర్వాత, ఆదివారం.

చెప్పేస్తే సరిపోయేది. నేను చెప్పలేదు. రంధ్రం లోపలికి వచ్చేలా మడతపెట్టి, "ఉతికించి ఇస్తాను పెద్దమ్మా" అని మెట్ల మీదే ఒక మాట అనేసి పారిపోయాను. ఆ తర్వాత నాలుగు రోజులు ఆవిడ తలుపు తెరిచి ఉందంటే చాలు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, లేని వాళ్ళతో మాట్లాడుతూ మెట్లు దిగాను. మా ఊరు ఏలూరు పక్కన. బట్టల గురించి నాకు తెలిసిందల్లా రంగు, ధర, ఉతికితే కుదించుకుపోతుందా లేదా అన్నది. ఉప్పల్‌లో రఫ్ఫు చేసే ఇద్దరికి చూపించాను. ప్యాంటు చిరిగితే కుట్టగలం గానీ ఇది మా వల్ల కాదన్నారు. అందులో ఒకాయనే, "ఇది నేసినోళ్ళ దగ్గరికే తీస్కపోండి మేడం" అని కొత్తవాడ పేరు చెప్పాడు. గురువారం పాపను మా ఆయనకు అప్పగించి బయల్దేరాను.

ఉప్పల్ రింగ్ రోడ్డులో ఉదయం ఆరున్నరకు హనుమకొండ ఎక్స్‌ప్రెస్ బస్సు దొరికింది. ఆ వేళకు వెళితే కిటికీ సీటు ఖాయం, ఏడు దాటితే నిలబడాలి. ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకున్నాను. కండక్టరమ్మ నా కాళ్ళ దగ్గరున్న మూటను బూటుతో కొంచెం నెట్టి చూసి, "మీకైతే ఫ్రీ మేడం. గీ మూటకు మాత్రం లగేజీ కొట్టాలె. ఏముంది ఇండ్ల, మనిషిని గిట్ల తీస్కపోతాన్రా?" అంది. జంపఖానా అన్నాను. పది కిలోలకు తక్కువ లేదు మరి. అరవై రూపాయల లగేజీ టికెట్ చింపి ఇచ్చి, "వరంగల్‌కెళ్ళి జంపఖానాలు పట్నం పోతయి. మీరు ఉల్టా తీస్కపోతాన్రు" అని నవ్వింది. జనగామలో పది నిమిషాలు ఆగితే టీ తాగాను. రఘునాథపల్లి దాటాక రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేలు విచ్చుకుని ఉన్నాయి. రంధ్రం గుర్తుకొచ్చి వాటి వంక ఎక్కువసేపు చూడలేకపోయాను.

తొమ్మిదీ ఇరవైకి హనుమకొండ బస్టాండులో దిగాను. షేర్ ఆటో అయితే ఇరవై రూపాయల్లో అయిపోతుంది గానీ ఆ మూటతో నన్ను ఎవరూ ఎక్కించుకోలేదు. నూట ఇరవైకి ఆటో మాట్లాడుకున్నాను. కొత్తవాడలో మలుపు తిరగగానే చప్పుడు మొదలైంది. ఒక ఇంట్లోంచి ఆగి ఆగి ఒక దెబ్బ, పక్క సందులోంచి తెరిపి లేకుండా టకటకమనే మోత. "గా ఆగి ఆగి వచ్చేది చేతి మగ్గం మేడం. ఈ మోత పవర్లూమ్‌ది. కండ్లు మూసుకోని గూడ చెప్పొచ్చు" అన్నాడు ఆటో అతను. ఎవరినైనా ముందే అనుకున్నానా అంటే లేదు. ఆగి ఆగి వస్తున్న చప్పుడు పట్టుకుని, తలుపు తెరిచి ఉన్న ఒక ఇంటి ముందు దిగాను.

ఆ ఇంట్లో సదానందం గారు, ఆయన భార్య స్వరూపక్క ఉంటారు. ఆయనకు అరవై దాటి ఉంటాయి, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. స్వరూపక్క వాకిట్లో ఎర్ర నూలు చిలపలు ఆరేస్తోంది. మిల్లు నుంచి నూలు జడలా చుట్టి వస్తుంది, ఆ కట్టను చిలప అంటారు. సంగతి చెప్పి, మూట విప్పి వరండాలో పరిచాను. "ఎవలది చెల్లె?" అని అడిగింది ఆమె. "మాదే అక్కా" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నాలుగు రోజులుగా అలవాటైపోయిన దాపరికం, నోట్లోంచి అదే వచ్చేసింది.

స్వరూపక్క రంధ్రంలో వేలు పెట్టి చుట్టూ తిప్పింది. "పేక ఒక్కటే కాలితె గంట పని. పడుగు గూడ కాలింది" అంది. నేను బుర్ర ఊపాను. నాకు అర్థం కాలేదని ఆ ఊపులోనే పట్టేసినట్టుంది, చెయ్యి పట్టుకుని మగ్గం దగ్గరికి తీసుకెళ్ళింది. సదానందం గారి ముందు తెల్లటి పోగులు వందలకొద్దీ నిలువుగా, బిగుతుగా లాగి ఉన్నాయి. "గిది పడుగు. మగ్గం ఎక్కినంక కదలది" అంది. ఆయన చేతిలోంచి నాడె అటు నుంచి ఇటు దూసుకెళుతూ ఎర్ర దారాన్ని అడ్డంగా వదిలింది. అది పేక. దువ్వెన పళ్ళలా ఉన్న పన్నెను ముందుకు లాగి ఆయన ఒక దెబ్బ వేస్తే, ఆ అడ్డపోగు వెళ్ళి ముందరి పోగుకు అతుక్కుంది. నేను వీధిలో విన్న చప్పుడు అదే. చీరలో అయితే పడుగూ పేకా రెండూ కనిపిస్తాయట. జంపఖానాలో పేక లావుగా ఉండి పడుగును పూర్తిగా కప్పేస్తుంది. నాకు ఇన్నాళ్ళూ కనిపించిన ఎరుపు, నీలం చారలన్నీ పేకవే. లోపల తెల్ల పడుగు ఉందనే నాకు తెలియదు, కాలాక తప్ప.

నా తెలివితేటలు అక్కడితో ఆగలేదు. బ్యాగులోంచి ఎర్ర ఊలు ఉండ తీశాను. రంగు సరిపోల్చుకుని, బేగంబజార్ దాకా వెళ్ళి మరీ కొన్నాను. స్వరూపక్క దాన్ని వేళ్ళ మధ్య నలిపింది. ఒక జానెడు తెంపి అగ్గిపుల్ల గీసింది. నిప్పు చూడగానే నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఊలు ముడుచుకుపోయి, కరిగి, చివర నల్లటి పూసలా గట్టిపడింది. తర్వాత తన చిలపలోంచి ఒక పోగు తెంపి అంటించింది. అది కాగితంలా మండి బూడిద అయింది. "కరిగితె ప్లాస్టిక్ జాతి, బూడిదైతె పత్తి. దుకాణపోడు ఏం జెప్పినా జర ఒక పోగు అంటిచ్చి చూస్కో" అంది. గుర్తుపెట్టుకోవాల్సిన పరీక్షే. నేనైతే కొన్నాళ్ళ వరకు ఏదీ అంటించదలుచుకోలేదు.

"నూలు ఎన్నో నంబరుదో?" అని స్వరూపక్క మగ్గం వైపు చూసి కేక వేసింది. సదానందం గారు లేచి వచ్చి, కాలిన అంచులోంచి ఒక పోగు లాగి, పురి విప్పి చూశారు. "పదో నంబరు" అన్నారు. నంబరు పెరిగితే దారం లావవుతుందని నేను అనుకునేదాన్ని. తిరకాసు అక్కడే ఉంది. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. పదో నంబరు జంపఖానాకు, ఎనభై, వంద మంచి చీరకు. కొట్టువాళ్ళు కౌంటు అనేది దీన్నే. ఆయన జంపఖానా చుట్టూ నడుస్తూ మూరలు వేశారు. పొడవు పన్నెండడుగులు, పన్నా తొమ్మిది. పన్నా అంటే బట్ట వెడల్పు. "తొమ్మిదడుగుల పన్నా ఒక్కని వశం గాదు. ఇద్దరు పక్కపక్కన కూసొని నేసిన మాల్ ఇది. ఇప్పుడు గింత ఒత్తుగ నేసెటోళ్ళు తక్కువ" అన్నారు. అంటూనే ఒక కొస దగ్గర ఆగిపోయారు. కుచ్చులకు కాస్త పైన, మెట్లు మెట్లుగా ఉన్న ఒక డిజైను మీద వేలు పెట్టి, అక్షరం తర్వాత అక్షరం కూడబలుక్కున్నారు.

"రా... జే... శ్వ... రి. నీ పేరా బిడ్డా?"

నాకు తల కొట్టేసినట్టయింది. రెండేళ్ళుగా ఆ జంపఖానా మీద కూర్చుంటున్నాను. అది అంచు డిజైనని అనుకున్నానే తప్ప అందులో పెద్దమ్మ అసలు పేరు ఉందని ఎప్పుడూ చూడలేదు. కూతురికి పెళ్ళినాడు ఇచ్చేదాంట్లో పేరు నేయడం ఇక్కడ చాలా ఇళ్ళలో ఉన్నదేనట. నేను నీళ్ళు నమిలి, "కాదండీ, నా పేరు శైలజ" అన్నాను. ఇక దాచేదేముంది, ధూపం గిన్నె దగ్గర్నుంచి మెట్ల దాకా అంతా చెప్పేశాను. స్వరూపక్క జంపఖానా మీద నుంచి చెయ్యి తీసేసింది.

"ఇగ జూడు చెల్లె, దీన్ని రెండు తీర్లుగ చెయ్యొచ్చు" అంది. ఇప్పుడు దొరికే ఎర్ర నూలుతో నేస్తే రంధ్రం పూడుతుంది, కానీ ముప్పై, నలభై ఏళ్ళు ఉతికిన ఎరుపు పక్కన కొత్త ఎరుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రెండోది, పేరు లేని కొస నుంచి నాలుగు వేళ్ళ మేర పేక విప్పి, ఆ పాత పోగులతోనే రంధ్రం పూడ్చి, కుచ్చులు మళ్ళీ ముడివేయడం. జంపఖానా నాలుగు వేళ్ళు పొట్టిదవుతుంది, రంగు మాత్రం కలిసిపోతుంది. ఎవరూ కనిపెట్టలేరు. నాకు ప్రాణం లేచొచ్చింది. "అదే చేసేయండి అక్కా" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "మగ్గం మీదికెళ్ళి కోసినంక మాల్ ఎవలదో వాళ్ళదే. ఒకలు నేసింది కొసకెళ్ళి విప్పాలంటె ఆమె ఊ అనాలె. మా దాంట్ల గిదే కాయిదా. ఫోన్ చెయ్యి."

ఇద్దరూ నా వంకే చూస్తున్నారు. పదకొండు కావొస్తోంది, ఆవిడ వంట చేసుకునే వేళ. ఎత్తకపోతే బాగుండుననుకున్నాను. రెండో రింగుకే ఎత్తారు.

"పెద్దమ్మా, నేను వరంగల్‌లో ఉన్నాను."

"వరంగల్ల నీకేం పని?"

చెప్పాను. మధ్యలో ఆగితే మళ్ళీ చెప్పలేనని ఒకే గుక్కలో చెప్పాను. అటువైపు కుక్కర్ విజిల్ వినిపించింది. తర్వాత, "నిప్పు పిల్ల మీద గిట్ల వడ్డదా?" అని అడిగారు. లేదన్నాను. "నీకు?" లేదన్నాను.

"మరి నాలుగు దినాల సంది నన్ను జూడంగనే ఎందుకు తప్పుకుంటానవ్? పుట్టినరోజు కాడ మీ అమ్మ ముంగట నేనేమన్న తప్పు మాట్లాడిన్నేమో అని ఒకటే ఫికర్ చేసిన. అడుగుదామంటె నువ్వు ఎప్పుడు జూసినా ఫోన్ల ఉంటివి. నిన్న బువ్వ గూడ సయించలే."

తిడతారని సిద్ధపడ్డాను. ఈ మాటకు సిద్ధపడలేదు. నా భయం గురించి నేను ఆలోచించుకున్నానే గానీ, నేను మొహం తిప్పుకుంటే అవతల ఆవిడకు ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా తోచలేదు. కళ్ళు తుడుచుకుంటూ ముక్కు ఎగపీల్చాను. "ఏడ్వకు, ఆమెకియ్యి ఫోను" అన్నారు ఆవిడే.

స్వరూపక్క స్పీకర్ పెట్టి రెండు పద్ధతులూ వివరించింది. పడుగు పోగులు ఎన్ని తెగాయో, పేక ఎంత విప్పాలో, ఆ మాటలు ఆవిడకు విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. రాజమ్మ పెద్దమ్మ పెద్దగా ఆలోచించలేదు.

"మా నాయిన నేసిన దాంట్ల ఒక్క పోగు గూడ విప్పొద్దు చెల్లె. కొత్త నూలే వెయ్యి."

"ఎర్రగ కనవడతది అక్కా."

"కనవడనీ. కాలింది కాలలేదని ఎట్లంటం?"

ఆదివారం మీ అన్నదమ్ములు చూస్తారు కదా పెద్దమ్మా అని నేను పక్కనుంచి గొణిగాను. అది తన సంగతి అన్నారు. ఫోన్ పెట్టే ముందు, ఎండపూట తిరగకుండా ఏమైనా తినమని నాకు చెప్పారు.

పని మూడింటి దాకా పట్టింది. కాలిన అంచును స్వరూపక్క చిన్న కత్తెరతో శుభ్రం చేసింది. రంధ్రానికి పైనా కిందా రెండు వేళ్ళ దూరం దాకా, మంచి బట్టలోకి సూదితో కొత్త తెల్ల పడుగు పోగులు ఎక్కించింది. ఆ రెండు వేళ్ళ పట్టు లేకపోతే నెల తిరక్కుండా ఊడిపోతుందట. తర్వాత లావు సూదితో ఎర్ర పేకను ఒక పోగు మీదుగా, ఒక పోగు కిందుగా నడుపుతూ, నాలుగైదు వరసలకోసారి పంజా అనే ఇనుప దువ్వెనతో తట్టి దగ్గరికి జరిపింది. అది కుట్టడం కాదు, మగ్గం లేకుండా నేయడం. ఉప్పల్ రఫ్ఫు ఆయన ఎందుకు వద్దన్నాడో అప్పుడు అర్థమైంది. ఒంటిగంటకు సర్వప్ప పెట్టింది. వరిపిండిలో నువ్వులు, శనగపప్పు వేసి గిన్నెలోనే ఒత్తి కాల్చే అప్ప అది. వరంగల్ వెళ్ళిన వాళ్ళు తినకుండా రావద్దు. ఒకటితో ఆపుదామనుకుని మూడు తిన్నాను. సదానందం గారు నన్ను మగ్గం మీద కూర్చోబెట్టి నాలుగు పోగులు వేయించారు. ఐదోసారి నాడె గురి తప్పి నేల మీద పడింది. "కానియ్ బిడ్డా, జంపఖానాలు కాల్చుడు నేర్చుకున్నంత జల్ది నేసుడు రాదు" అన్నారు. ఆ మాటకు ముగ్గురం నవ్వుకున్నాం, నేను అందరికంటే గట్టిగా. మజూరీ ఎనిమిది వందలు తీసుకున్నారు. నూలు డబ్బు వేరుగా ఇవ్వబోతే ఇంట్లోదే కదా అని పుచ్చుకోలేదు.

మూడున్నరకు ఆటో, నాలుగింటికి హనుమకొండలో బస్సు, ఏడు కాకముందే ఇల్లు. మూటతో నేరుగా కింది వాటా తలుపు కొట్టాను. రాజమ్మ పెద్దమ్మ జంపఖానా పరిచి, కొత్త ఎరుపు మీద అరచేయి వేసి నిమిరారు. వెనక్కి తిప్పి ముడులు చూశారు. "పని తెల్సినామె" అన్నారు, అంతే.

ఆదివారం మధ్యాహ్నం పాపను తీసుకుని కిందికి రమ్మని కబురు పెట్టారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు విస్తళ్ళ ముందు కూర్చుని ఉన్నారు. చారల మధ్య ఆ ముక్క దూరానికే తెలుస్తోంది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. పెద్దన్నయ్య గారు దాని మీద వేలు పెట్టి, "ఇదేందే, నాయిన గింత ఎరుపు ఎప్పుడు నేసిండు?" అని అడిగారు. "అది నాయినది కాదన్నా. మా శైలు బిడ్డ మొదటి పుట్టినరోజుది" అన్నారు రాజమ్మ పెద్దమ్మ, పప్పు వడ్డిస్తూనే. పాప నా చేతుల్లోంచి జారి, తిన్నగా ఆ ఎర్ర ముక్క దగ్గరికే పాకి, దాన్ని గోళ్ళతో గీకడం మొదలుపెట్టింది. పెద్దన్నయ్య గారు కాస్త పక్కకు జరిగి చోటిచ్చారు. ఐదు విస్తళ్ళ పక్కన నాకు ఆరోది వేశారు.

వెళ్ళే ముందు నాకు బట్ట అంటే కంటికి కనిపించే రంగు. ఇప్పుడు కొట్లో దుప్పటి కొన్నా వెనక్కి తిప్పి చూస్తున్నాను. పడుగు, పేక, పన్నా, నంబరు అని అడిగితే కొట్టువాళ్ళు కాస్త జాగ్రత్తగా మాట్లాడుతున్నారు, అదీ బాగానే ఉంది. కానీ ఆ రోజు తల్చుకుంటే ముందు గుర్తొచ్చేది మాత్రం ఫోన్‌లో రాజమ్మ పెద్దమ్మ గొంతు. రంధ్రం ఆవిడను బాధపెట్టలేదు. బాధపెట్టింది నేను.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక మాట: పాత జంపఖానా బాగుచేయించాలంటే పదింటికల్లా కొత్తవాడలో ఉండండి, సాయంత్రానికి చేతికొస్తుంది. ఆ జంపఖానా మీది కాకపోతే మాత్రం, బస్సెక్కే ముందే దాని సొంతదారు తలుపు కొట్టండి.